బురైదాల పాతిన బొడ్రాయి

ఫ్రాన్సుల బ్రిటనీ అని ఒక సముద్రపొడ్డు సీమ ఉన్నదట. నేను చూడలే. చూడాలని సుత లేదు. ఎవడన్న ఊకెనే టికెట్ కొనిచ్చి రమ్మన్నా రాననే చెప్త. గని ఆ సీమల ఇండ్ల గోడలు ఎంత మందముంటయో, దర్వాజలకు ఏం రంగేస్తరో, దీపస్తంభం ఎట్ల కడ్తరో నన్నడుగుండ్రి, చెప్త. ఎందుకంటె దాన్ని నా చేతులతోటి కట్టిన. సముద్రం పత్తా లేని కాడ, సౌదీల బురైదా అవతల, ఖర్జూరం తోటల నడుమ.

కట్టిపిచ్చినోడు మా కఫీల్, అంటె మాకు వీసా ఇచ్చి పనిల పెట్టుకున్న అరబ్బు సేటు. ఒక ఎండకాలం పెండ్లాం పిల్లలను తీసుకుని ఆడికి పోయచ్చిండు. ఆయనకు ఆడ అన్నిట్ల ఎక్కువ నచ్చింది ఏందో ఎరికేనా? వాన. ఎండకాలంల సుత సన్నగ ముసురు పడ్తదట, గొడుగేసుకుని పొద్దంత తిరిగిండట. తిరిగచ్చినంక తోటల ఒక మూల చదును చేపిచ్చి, ఈద్ నాటికి గీడ బ్రిటనీ లేవాలె, బురైదా కుటుంబాలు గీడ కూసోని చాయి తాగాలె అన్నడు. వాన కోసం పైపులు గుంజిపిచ్చిండు, మీదికెల్లి సన్న తుంపర పడెటట్టు. ఆ పైపుల కింద నిలవడి నేను తడుసుకుంట సిమెంటు కలిపేది. సిమెంటు మీద వాన పడొద్దని తెల్వదా ఆ మనిషికి? తెల్సు. అయినా బంద్ చెయ్యనియ్యడు.

ఆ సీమ ముచ్చట్లు మాకు చెప్పెటానికి ఒక ఇంజనీరును పట్టుకచ్చిండు. గుంటూరు దిక్కాయన. ఇంతకు ముందుగల రియాద్‌ల, మలాజ్ కాడ ఏదో ఆఫీసుల ఏసీల కూసున్నోడు. నిటాకాత్, అంటె ఈ దేశపోళ్ళకే నౌకర్లియ్యాలనే కానూనచ్చి, ఆయన కుర్చీల ఇక్కడి మనిషిని కూసోపెడితె, ఈ ఇసుకలకచ్చి పడ్డడు. ఆ కడుపుమంట అంత మా మీద తీర్సుకునేటోడు. ఒక గోడ వంకర పోయిందంటె, 'ఏమయ్యా మేస్త్రీ, ఫోటో చూశావా, దాంట్లో టెక్స్చర్ ఎలా ఉంది, నువ్వు చేసిందేమిటి?' అని ఫోను తెచ్చి నా మొఖానికి ఆనిచ్చి చూపెట్టేటోడు. ఆ ఫోను గుంజుకుని సిమెంట్ల కలిపేద్దామా అని ఎన్నిసార్లు అనిపిచ్చిందో నాకే తెల్సు.

మాది జగిత్యాల దిక్కు. నేను సుతారి పనోణ్ణి, గోడలు కడ్త. నా తోటి మామ ఉండె. సొంత మామ కాదు, పక్క ఊరాయన, వరసకు మామ. రాళ్ళు నిలవెట్టుడుల ఆయినకు సాటి అచ్చేటోడు మా క్యాంపుల లేడు. నేను ఈ దేశం అచ్చిన కొత్తల వండి పెట్టింది ఆయినే, జరమొస్తె పక్కన కూసున్నది ఆయినే. మామకు అప్పుడు కండ్లల్ల పొర కమ్ముతుండె. మొదలు ఒక కన్ను, మల్ల రెండోది. దగ్గరికి పోయి నిలవడితె తప్ప మనిషిని ఆనవాలు పట్టకపోతుండె. మా ఊళ్ళకాడ మోతిబిందు అంటరు, ఆపరేషన్ చేస్తె పోతది. గని ఎక్కడ చేపిచ్చుకోవాలె?

గప్పుడు నిటాకాత్ గడబిడ జోరు మీదున్నది. కంపెనీలకు రంగులు పెట్టిండ్రు. ఇక్కడోళ్ళు సరిపోను పనిలుంటె ఆకుపచ్చ, లేకుంటె ఎరుపు. ఎరుపుల పడ్డోని పనోళ్ళ కాయితాలు కదలయి. దాని మీదికెల్లి లెవీ, పరాయోడు ఒకడున్నడంటె కఫీల్ సర్కారుకు కట్టుకుంటనే ఉండాలె. మా కఫీల్ దీపస్తంభానికి ఖర్చు పెడ్తడు, తుంపర పైపులకు ఖర్చు పెడ్తడు, మా లెవీ కాడికచ్చె వరకు చేతులు రావు. మా ఇకామాల, అంటె ఈడ ఉండనిచ్చే కార్డుల, గడువు అయిపోయింది. ఇకామా లేనోణ్ణి దవాఖాన్ల రానియ్యరు. ఇకామా లేనోనికి ఎగ్జిట్ పడది, ఇంటికి పోరాదు. అంటె మామ ఇక్కడ కండ్లు బాగుచేపిచ్చుకోలేడు, ఇంటికి పోయి చేపిచ్చుకోలేడు.

నేను కఫీల్ కాడికి పోయి లొల్లి పెట్టిన. నాకచ్చిన అరకొర అరబ్బీల, చేతులు తిప్పుకుంట. ఆయన ఖర్జూరపండు నోట్లేసుకుని ఇన్నడు. ఆఖరికి ఇగో గీ మాటన్నడు. ఈద్ నాటికి గేటు తెరిస్తె, ఇద్దరు ఇక్కడోళ్ళను పనిల పెట్టి కంపెనీని ఆకుపచ్చలకు తెస్త, నీ మామ లెవీ బాకీ కట్టి ఎగ్జిట్ కొట్టిస్త. గేటు తెరవకుంటె మాత్రం నాతోని కాదు. గంతే. బ్రిటనీ లేస్తె మామ ఇంటికి పోతడు, లేవకుంటె ఈడనే గుడ్డోడైతడు. ఇగ నేను పొద్దుమాపు చూడకుంట చేసిన. ఆ సీమ మీద పగ పట్టినట్టు చేసిన.

రోజూ పొద్దుగాల ఇంజనీరు మమ్ముల నిలవెట్టి పాఠం మొదలువెట్టెటోడు. ఆ సీమల నీళ్ళు ఎనకకు పోతె పడవలు బురదల ఒక పక్కకు ఒరుగుతయట. అట్ల ఒరిగిన పడవ కావాలని కఫీల్ ఎక్కడికెల్లో ఒక పాత పడవ తెప్పిచ్చిండు. దాన్ని ఇసుకల నిలవెట్టి, మల్ల వంచి, ఎక్కువ వంగిందని మల్ల లేపి, మాకు నడుములు పోయినయ్. మడుగులు కట్టి ఎండకు ఉప్పు పండిస్తరట, బూడిదరంగు ఉప్పట, మస్తు పిరమట. మేము సుత నాలుగు మడుగులు కట్టి దుకాణంల ఉప్పు కొనుక్కచ్చి పోసినం. సముద్రంల పెరిగే గడ్డిని బండ్ల మీద తెచ్చి పొలాలకు ఎరువేస్తరట. కిటికీలకు నీలిరంగు. కప్పుకు నల్ల బండలు. గోడలకు గట్టి రాయి. మేము ఇటుకతోటి కట్టి, సిమెంటు మెత్తి, రాయి లెక్క గీతలు గీసినం.

ఒకసారి ఆ ఊళ్ళ ఆడోళ్ళ ఫోటో చూపెట్టిండు. పాతకాలపు బట్టలు, నెత్తి మీద ఇంత ఎత్తు తెల్ల టోపీలు. మామ ఫోనును కంటికి ఆనిచ్చుకుని చూసి, 'బోనమెత్తుకున్నరేందిరా' అన్నడు. నేను నవ్విన. ఇంజనీరుకు కోపమచ్చింది. 'లేస్ అండీ అది, హ్యాండ్ మేడ్ లేస్' అన్నడు. మామ మల్లొకసారి చూసి, 'కుండ కనవడ్తలేదు, గంతే' అన్నడు.

ఇంకో పూట చెప్పిండు, ఆ ఊళ్ళ మొగోళ్ళు పెద్ద చేపల కోసం సల్లటి సముద్రాల మీద నెలల కొద్ది పోయేటోళ్ళట. పెండ్లాలు ఒడ్డు మీద నిలవడి ఎదురు చూసేటోళ్ళట. తిరిగి రానోళ్ళ పేర్లు గుడిగోడకు రాసి పెడ్తరట. ఇది ఇని మామ చాన సేపు పని ముట్టలే. 'మంచిదే. మనిషి రాకపోయినా గోడ మీద పేరన్న ఉంటది' అన్నడు. నాకు ఒళ్ళు మండింది. 'నీకు గోడ వద్దు, ఏం వద్దు, నీకు ఎగ్జిట్ పడాలె. లేసి రాయెత్తు' అని గదిమిన.

ఆ సీమకు అన్నిటికంటె పేరచ్చింది నిలువు రాళ్ళతోటట. వేల ఏండ్ల కింద ఎవలో పొలాల నడుమ రాళ్ళు వరుసలు వరుసలుగ నిలవెట్టి పోయిండ్రట. 'ఎందుకు పెట్టారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు' అని ఇంజనీరు గొప్పగ చెప్పిండు, అదేదో తనే దాచిపెట్టినట్టు.

'ఎందుకు తెల్వది? ఊరు కట్టిండ్రు, బొడ్రాయి పాతిండ్రు' అన్నడు మామ.

'వేల రాళ్ళున్నాయి మేస్త్రీ అక్కడ!'

'అన్ని ఊర్లున్నయేమో' అన్నడు మామ.

మొదటి రాయి అన్నిట్ల పెద్దది. నిలవడితె నేను చెయ్యెత్తినా కొస అందది. క్రేను అచ్చి దాన్ని లేపింది. ఇగ గుంతల దించుడే. మామ, 'జర ఆగుమను' అన్నడు. బొడ్ల దోపుకున్న చిన్న మూట తీసిండు. పసుపు. పసుపుల సున్నం కలిపి ఎర్రగ చేసిన ముద్ద, కుంకుమ దొరకదు గదా. మా వంటర్రల డబ్బాలకెల్లి పెసర్లు, గోధుమలు, శెనిగలు, నువ్వులు, ఏది దొరికితె అది. గుంతల దిగి అన్నిటినీ అడుగున పెట్టవట్టిండు.

'మామా, నీకు సోయున్నదా? ఇదేమన్న మన ఊరా? ఎవడన్న చూస్తె నీ ఎగ్జిట్ కాదు, జైలుకు పోతవ్' అని గుంత మీద వంగి గుసగుస అన్న.

'నేను మొక్కుతలేను. పాతుతున్న. ఉత్త గుంతల రాయి దించుడు నాకు రాదు' అన్నడు.

క్రేను నడిపే పాకిస్తానీ తొంగి చూస్తుండు. వానికి కనవడకుంట నేను అడ్డం నిలవడి, 'సిమెంట్ డాల్ రహే భాయ్' అని కేకేసిన. మామ గుంతలకెల్లి లేసి చేతులు దులుపుకుని, 'ఇగ రానీ' అన్నడు. రాయి దిగింది. దిగినంక మామ దానికి చెయ్యి ఆనిచ్చి కొద్ది సేపు నిలవడ్డడు. మిగిలిన రాళ్ళన్ని ఉత్త గుంతలల్లనే దించినం. ఊరికి బొడ్రాయి ఒక్కటే గదా, దానికి చేసిండు, అయిపోయింది.

ఆ తుంపర పైపులున్నయ్ గదా. పొద్దంత నీళ్ళు. రాయి చుట్టు మన్నుల కెల్లి మొలకలచ్చినయ్. పచ్చగ, సన్నగ. నాకు భయం పట్టుకుంది, పీకేస్త అంటె మామ ఒప్పుకోలే. ఇంజనీరు రోజూ ఆ పక్కకెల్లే నడుస్తడు, ఫోటోల రాయి తప్ప కాళ్ళ కింది మన్ను ఆయినకెన్నడు కనవడ్తది? కఫీల్ మాత్రం చూసిండు. చూసి సంబరపడ్డడు. ఫ్రాన్సుల సుత రాళ్ళ కింద గిట్లనే గడ్డుంటదని చెప్పి, తొక్కకుంట తాడు కట్టుమన్నడు. ఆ తాడు నేనే కట్టిన. మామ ఆ పూట ఎంత నవ్విండో, పొట్ట పట్టుకుని నవ్విండు.

ఈద్ దగ్గరికచ్చింది. ఇండ్లయినయ్, దీపస్తంభం అయింది, పడవ ఒరిగింది, నీలి కిటికీలకు రంగు ఆరింది. అప్పుడచ్చిండు కఫీల్ పెద్దన్న. తెల్లగడ్డం, నెమ్మదస్తుడు. ఒక్క కేక వెయ్యలే. అంత తిరిగి చూసి, ఇండ్లు బాగున్నయన్నడు, పడవను చూసి నవ్విండు. రాళ్ళ కాడికచ్చి నిలవడ్డడు. ఇట్ల వరుసగ రాళ్ళు నిలవెట్టుడు నాకు వద్దు, ఎవలో మొక్కె రాళ్ళ లెక్కున్నయ్, పిల్లలు ఆడుకునే జాగ ఇది అన్నడు. గంతే, కారెక్కి పోయిండు. అన్న మాట తమ్ముడు దాటడు. మమ్ముల చూసి, 'కస్సిర్, కుల్లు కస్సిర్' అని చెయ్యూపిండు. అన్నీ పగలగొట్టుండ్రని. రాళ్ళు పోతెనే గేటు తెరుస్త, గేటు తెరిస్తెనే ఎగ్జిట్, నీకు తెల్సుగదా అని నన్ను చూసుకుంట అన్నడు.

బ్రిటనీ నిలవెట్టుమన్నోడు వాడే, కూలగొట్టుమన్నోడు వాడే. అయినా మామా నేనూ సమ్మెటలు పట్టినం. కంప్రెషర్‌తోటి రంధ్రాలు చేసుడు, ఇనుప చీలలు దిగగొట్టుడు, రాయి చిట్లంగనే దెబ్బ వేసుడు. మామకు కండ్లు కనవడకపోయినా చేతులకు అంత తెల్సు. వరుసలన్ని కంకరైనయ్. ఆఖరికి ఆ పెద్దరాయి ఒక్కటి మిగిలింది. మామ సమ్మెట కింద పెట్టిండు.

'దీన్ని కొట్ట' అన్నడు.

నేను మొదలు ఎక్కిరిస్తుండనుకున్న. కాదు. క్రేను పిలువుమను, లేపి తోట అవతల ఎక్కడన్న పాతుకుంట అన్నడు. పోయి కఫీల్‌ను అడిగిన. ఈద్ సెలవులు, క్రేనోళ్ళు ఎవలూ దొరకరు, నీ మామకు ఇంటికి పోవాలని లేదా అని నన్నే అడిగిండు. తిరిగచ్చి మామకు చెప్పిన. ఆయిన రాయికి ఒరిగి కూసున్నడు, లెవ్వలే.

గప్పుడు ఆ ఇంజనీరు అచ్చి నోరు తెరిచిండు. తెరవకుంటె ఏం పోయేది? 'అక్కడ కూడా ఇలాగే జరిగింది తెలుసా? చర్చి వాళ్ళు ఆ రాళ్ళు కొట్టేయమన్నారు. పల్లెల్లో జనం ఒప్పుకోలేదు. చివరికి కొన్నిటి మీద శిలువ చెక్కేసి వదిలేశారు. ఇవాళ్టికీ ఉన్నాయి' అన్నడు. ఇష్టంగ చెప్పిండు, పాపం, ఆయినకు ఆ ముచ్చట్లంటె పాణం. మామ మొఖం ఎలిగిపోయింది.

'ఇన్నవా? ఎవలు పాతిండ్రో తెల్వని రాయినే వాళ్ళు కొట్టలే. నేను పాతిన రాయిని నేను కొడ్తనా?' అన్నడు నన్ను చూసి.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇంజనీరు అంగీ పట్టుకున్న. 'నీ నోట్లె మన్నువడ, ఇప్పుడు చెప్పాల్నా ఇది? పాఠాలు చెప్పి చెప్పి మా తలకాయలు తిన్నది సాల్లేదా?'

'నేను హిస్టరీ చెప్పానయ్యా, నన్నెందుకు పట్టుకుంటావ్?' అని ఇడిపిచ్చుకున్నడు.

'నీ హిస్టరీకి ఇకామా ఉన్నదా? దానికి లెవీ ఎవడు కడ్తడు?' అని అరిచిన. ఆయన గొణుక్కుంట ఎల్లిపోయిండు.

మామ ముంగట కూలవడ్డ. నా ఫోను తీసి ఆయిన మొఖం ముందల పెట్టిన. 'ఇదేంది చెప్పు.' కండ్లు చిన్నగ చేసి చూసిండు. 'ఏందో, ఎర్రగున్నది' అన్నడు. 'అది అత్త. నీ పెండ్లాం. ఎర్ర చీర కట్టుకుని మొన్న పంపిన ఫోటో. పెండ్లాం మొఖం నీకు కనవడ్తలేదు. ఇంకొన్ని దినాలు ఈడనే ఉంటె ఆ ఎరుపు సుత కనవడది. ఒక బండరాయి కోసం గుడ్డోనివైతవా మామా?'

మామ ఫోను మీద బొటనవేలుతోటి రాసిండు, తుడిస్తె కనవడ్తదన్నట్టు. మల్ల నాకిచ్చేసిండు. 'బొడ్రాయి కొడ్తె ఊరు నిలవది' అన్నడు.

'ఏ ఊరు? ఇది ఊరా? ఇది సిమెంటు! ఆ ఇండ్లల్ల ఎవడన్న ఉంటడా? కిటికీల ఎనక గోడ తప్ప ఏమున్నది?'

'మనం ఉన్నం గదరా' అన్నడు.

ఆ మాటకు నాకు ఇంక పిచ్చి లేసింది. 'నువ్వు కొట్టకు. నేను కొడ్త' అన్న.

'నువ్వు కొడితె, ఇగ నువ్వు నాకు ఏం కావు.'

'కాకుంటె కాకపోతి' అని సమ్మెట లేపిన.

మిట్టమధ్యాహ్నం ఎండ. మామ లేసి నాలుగడుగులు అవతలకు పోయి నాకు ఎదురంగనే నిలవడ్డడు. కండ్లు కనవడకపోయినా నా దిక్కే చూసుకుంట నిలవడ్డడు. నేను చీలలు దిగగొట్టిన. తిట్టుకుంట కొట్టిన. కఫీల్‌ను తిట్టిన, వాళ్ళన్నను తిట్టిన, ఆ బ్రిటనీని, ఆ వానను, ఇంజనీరును, రంగులు పెట్టినోళ్ళను, అందర్ని పేరుపేరున తిట్టిన. మామను సుత తిట్టిన, గట్టిగనే, ఇనవడెటట్టు. రాయి నిలువున పగిలింది. అడుగున మన్నుల ఎరుపు, పసుపు అట్లనే ఉండె, మొలకల ఏర్లు దాంట్లకు దిగి ఉండె. మామ నడిచచ్చి, కూసోని, తడుముకుంట ఆ మొలకలను ఒక్కొక్కటి ఏరి తువ్వాలల కట్టుకుని రూముకు పోయిండు.

ఈద్ నాడు గేటు తెరిచిండ్రు. కుటుంబాలచ్చినయ్. పిల్లలు తుంపర కింద ఉరికిండ్రు, ఆడోళ్ళు పడవ కాడ ఫోటోలు దిగిండ్రు. ఇంజనీరు కుర్చీల ఇక్కడి మనిషి కూసున్నడు, ఆ సీమ చరిత్ర అరబ్బీల చెప్పుకుంట. ఇంజనీరు మల్ల మలాజ్‌కు పోయిండని ఇన్న. పోతె పోనీ, నేనైతె బాధపడలే. కఫీల్ మాట మీద నిలవడ్డడు, అది మాత్రం చెప్పాలె. లెవీ కట్టిండు, మామకు ఎగ్జిట్ పడ్డది.

పోయే దాక మామ నా తోటి మాట్లాడలే. నేను వండింది ముట్టలే, ఉల్లిగడ్డ, రొట్టె తిన్నడు. ఎయిర్‌పోర్టుకు పోయే బండిల బ్యాగు నేనే పెట్టిన. 'పోయి మొదలు కండ్లు చూపెట్టుకో' అన్న. అటు తిరిగి కూసున్నడు.

కరీంనగర్‌ల ఆపరేషన్ అయిందని మా ఇంటోళ్ళు చెప్పిండ్రు. మంచిగ కనవడ్తుందట. నా మీద మాత్రం ఊరంత చెప్పుకుంటుండట, బొడ్రాయి పగలగొట్టినోడు అని. చెప్పుకోనీ. నేను తప్పు చేసిన్ననుకోను. మల్ల అదే ఎండల అదే రాయి నా ముంగట పెట్టినా కొడ్త.

ఇంకో రెండేండ్లకు లెవీ మోయలేక మా కఫీల్ నాకు సుత ఎగ్జిట్ కొట్టిండు. ఇంటికచ్చిన మరునాడే మామ ఊరికి నడిచిన. పొలాల నడుమకెల్లి సీదా బాట, దాని కొసకు చాయి హోటల్. మామ బయట బల్ల మీద కూసున్నడు. బస్సొస్తుంటె దూరంకెల్లే బోర్డు చదివి, అది జగిత్యాలదా కోరుట్లదా అని పక్కోళ్ళకు చెప్తుండు. చేతిల చాయి గ్లాసు. నేను ఇంక బాట మొదట్ల పొలం గట్టు కాన్నే ఉన్న. మనిషిని ఆనవాలు పట్టేంత దగ్గరికి నేను పోనేలేదు. మామ తల లేపి బాట దిక్కు చూసిండు. అంత దూరంకెల్లే నన్ను గుర్తుపట్టిండు. గ్లాసు బల్ల మీద పెట్టి, లేసి లోపలికి పోయిండు.